తైవాన్ అనధికార దౌత్య కార్యాలయాలు

తైవాన్‌తో దౌత్య సంబంధాలు లేని దేశాలు తైపీలోనూ, తైవాన్ ఆయా దేశాల్లోనూ నడిపే ప్రాతినిధ్య కార్యాలయాలివి. వీటికి రాయబార కార్యాలయమన్న పేరుండదు. అయినా వీసాలు, వాణిజ్యం, విద్యార్థుల వ్యవహారాలు, చిక్కుల్లో పడ్డ పౌరుల బాగోగులు ఇవే చూసుకుంటాయి.

1971 అక్టోబరు 25న ఐక్యరాజ్య సమితి 2758వ తీర్మానంతో చైనా స్థానాన్ని బీజింగ్‌కు అప్పగించింది. ఆ తర్వాత చాలా దేశాలు తైపీతో తెగదెంపులు చేసుకున్నాయి. తెగిన బంధాన్ని మరో పేరుతో నిలుపుకొనే దారి చూపింది జపాన్. 1972 సెప్టెంబరులో బీజింగ్‌ను గుర్తించి, డిసెంబరుకల్లా ‘ఇంటర్‌చేంజ్ అసోసియేషన్’ అనే ప్రైవేటు సంస్థను నెలకొల్పింది.

అమెరికా ఈ పద్ధతికి చట్టరూపమిచ్చింది. 1979 జనవరి 1న బీజింగ్‌ను గుర్తించాక, లాభాపేక్ష లేని సంస్థగా ‘అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఇన్ తైవాన్’ను ఏర్పాటు చేసింది. ఏప్రిల్ 10న అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన తైవాన్ సంబంధాల చట్టం దానికి ఆధారం. తైపీకి వెళ్లే దౌత్యాధికారి ముందుగా ప్రభుత్వ కొలువు నుంచి తప్పుకొనేవాడు. అక్కడున్నన్నాళ్లూ సంస్థ ఉద్యోగిగా జీతం తీసుకునేవాడు. తిరిగొచ్చాక పాత కొలువులో చేరే హక్కు, పింఛను సౌకర్యం చట్టమే కాపాడింది. కాగితం మీద ఇంత జాగ్రత్త పడటం వల్లే చేసే పని ఆగలేదు. తర్వాతి కాలంలో ఈ నిబంధన సడలింది.

ఎక్కువ దేశాల్లో తైవాన్ కార్యాలయాల పేరు ‘తైపీ’తోనే ఉంటుంది. 2021 నవంబరులో లిథువేనియా రాజధాని విల్నియస్‌లో ‘తైవాన్’ పేరుతో కార్యాలయం తెరవనివ్వగానే, చైనా ఆ దేశంతో సంబంధాలను రాయబారి కంటే కింది స్థాయికి తగ్గించింది. చిన్న దేశం దీనికి పెద్ద మూల్యమే చెల్లించింది.

భారతదేశం 1949 డిసెంబరు 30నే బీజింగ్ ప్రభుత్వాన్ని గుర్తించింది. తైవాన్‌తో కార్యాలయాలు ఇచ్చిపుచ్చుకోవడానికి 1995 దాకా పట్టింది. తైపీలో ‘ఇండియా-తైపీ అసోసియేషన్’, న్యూఢిల్లీలో ‘తైపీ ఎకనామిక్ అండ్ కల్చరల్ సెంటర్’ వెలిశాయి. 2012లో చెన్నైలో, 2024లో ముంబైలో తైవాన్ శాఖలు తెరిచింది. దక్షిణాదికి తైవాన్ కంపెనీల రాక పెరిగింది. ఫాక్స్‌కాన్ మన శ్రీసిటీలోనూ, హైదరాబాద్ దగ్గరి కొంగరకలాన్‌లోనూ అడుగుపెట్టింది. భారతీయ కార్మికులను తైవాన్‌కు పంపే అవగాహన ఒప్పందంపై 2024 ఫిబ్రవరిలో సంతకాలు చేసింది మంత్రులు కారు, తైపీ, న్యూఢిల్లీల్లోని ఆ రెండు కార్యాలయాల అధిపతులే.