బోరియలోపెల్టా

కెనడాలోని ఆల్బర్టాలో దొరికిన, ఒంటినిండా కవచమున్న శాకాహార డైనోసార్. నోడోసార్ కుటుంబానిది, తోక చివర గద ఉండదు. సుమారు 11 కోట్ల ఏళ్ల నాటిది. పొడవు దాదాపు 5.5 మీటర్లు, బరువు 1,300 కిలోలు. 2011 మార్చిలో ఫోర్ట్ మెక్‌మర్రీ దగ్గరి చమురు ఇసుక గనిలో తవ్వకపు యంత్రం నడిపే షాన్ ఫంక్ కంటబడింది.

మామూలుగా ఇలాంటి జంతువు చచ్చి కుళ్లాక చర్మంలోని ఎముక పలకలు చెల్లాచెదురవుతాయి. ఏది ఎక్కడిదో తేల్చడం పెద్ద తలనొప్పి. దీని కళేబరం మాత్రం సముద్రంలోకి కొట్టుకుపోయి, వెల్లకిలా బురదలో కూరుకుపోయింది. అందుకే మూతి నుంచి నడుము దాకా పలకలు వరుస తప్పలేదు. అంతకన్నా అరుదైనది వాటి మీది కెరటిన్ తొడుగు. ఎద్దు కొమ్ములో లోపలి ఎముకను కప్పే పొర లాంటిదే ఇదీ. భుజం ముల్లుకు ఈ తొడుగు అదనపు పొడవునిచ్చింది. ఉత్త ఎముకను చూసి గీసిన పాత బొమ్మల్లో ముళ్లు పొట్టిగా పడ్డాయనే అనుకోవాలి.

చర్మంలోని రసాయన ఆనవాళ్లను బట్టి వీపు ఎర్రటి గోధుమరంగనీ, పొట్టవైపు లేతరంగనీ 2017లో పరిశోధకులు ప్రతిపాదించారు. ఇంత కవచముండీ రంగు మాటున దాక్కోవలసి వచ్చిందంటే ఆనాటి వేటజంతువులు సామాన్యమైనవి కావు. ఇక బోరియలోపెల్టా కడుపులో ఫెర్న్ ఆకులు దొరికాయి.

రాతిని చెక్కి శిలాజాన్ని బయటపెట్టడానికి మార్క్ మిచెల్‌కు సుమారు 7,000 గంటలు పట్టింది; మార్క్‌మిచెల్లి అన్న జాతినామం ఆయన పేరు మీదే పెట్టారు. శిలాజం రాయల్ టిరెల్ మ్యూజియంలో ఉంది.