వాల్తేరు స్టేషనూ, పిచ్చాసుపత్రీ: మారేడుమిల్లి కొండ మీంచి చూస్తే

మారేడుమిల్లికి రైలు లేదు. కొండ దిగి రంపచోడవరం, గోకవరం దాటి రాజమండ్రి చేరితేనే రైలు. అక్కణ్ణించి ఉత్తరానికి పోతే వాల్తేరు. ఏజెన్సీ మనుషుల మతిస్థిమితం గురించి రాయబోయి మేం వాల్తేరు దాకా ఎందుకు పోవాల్సొచ్చిందంటే, 19వ శతాబ్దం చివరికి మద్రాసు ప్రెసిడెన్సీలో సర్కారు పిచ్చాసుపత్రులు మద్రాసు, కాలికట్, విశాఖపట్నాల్లో ఉండేవి. గోదావరి మన్యానికి దగ్గరిది విశాఖదే. పేర్లు మారుతూ చినవాల్తేరులో అది ఇప్పటికీ నడుస్తోంది.

అందులోకి ఎవర్ని తెచ్చారు? జవాబు చట్టంలోనే ఉంది. 1858లో తెల్లదొరలు పిచ్చి మీద మూడు చట్టాలు చేశారు. 34, 35 నంబర్లవి ఆస్తి ఉన్నోళ్లకి. వాళ్ల మతి సంగతి కోర్టు విచారించాలి, ఎస్టేటుకి కాపలా పెట్టాలి. 36వది ఆసుపత్రుల చట్టం. దిక్కులేక తిరుగుతూ పిచ్చివాడిలా కనపడ్డవాణ్ణి పోలీసు పట్టుకుని మేజిస్ట్రేటు ముందు పెట్టాలంది. డాక్టరు సర్టిఫికెట్టూ, మేజిస్ట్రేటు ఆర్డరూ ఉంటే చాలు, లోపలికే. భూమి ఉన్నోడికి కోర్టు, లేనోడికి పోలీసు! భూమి ఎవరికి లేదో ఈ పత్రిక చదివేవాళ్లకి మేం చెప్పక్కర్లేదు.

కొండల్లో అయితే ఆ కోర్టు కూడా లేదు. 1839 చట్టం గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాల్ని మామూలు కోర్టుల కిందనుంచి తప్పించి, ఏజెంటు పేరుతో కలెక్టరు చేతిలో పెట్టింది. రంప ఉన్న గోదావరి ఏజెన్సీకీ ఆ తరహా పాలనే వచ్చింది. 1879లో రంపలో కల్లు పన్ను మీదా, మునసబుదారు దోపిడీ మీదా కొండజనం తిరగబడితే సర్కారు దాన్ని 'పితూరీ' అంది. కోయ మాట్లాడే మనిషి మతి ఎట్లా ఉందో కోయ రాని అధికారి ఎట్లా తేలుస్తాడు? పోడు కోసం కొండలు మారే మనిషి 'దిక్కులేక తిరిగేవాడు' ఎట్లా అవుతాడు?

ఇక రైలు. 1893–96 మధ్య ఈస్ట్ కోస్ట్ రైల్వే వేశారు. 1900లో రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన తెరిచాక మద్రాసు వైపు దారి కలిసింది. తర్వాత మద్రాసు రైల్వే, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కలిసేచోటు వాల్తేరే అయింది. కూలికి వలసపోయేవాళ్లని అంతంత దూరాలకి చేరేసింది రైలే. ఊళ్లో మతి తప్పినవాడు ఫలానావాళ్ల బిడ్డ. తెలియని స్టేషన్లో దిగితే వాడే 'దిక్కులేనివాడు'. చట్టం వాణ్ణే వెతుక్కుంది అంటాం మేం.

1912లో కొత్త చట్టం వచ్చినా పోలీసు పాత్ర పోలేదు. 1987 తమాషా ఏడాది: వాల్తేరు స్టేషను విశాఖపట్నం స్టేషనయింది, పార్లమెంటు 1912 చట్టం స్థానంలో మానసిక ఆరోగ్య చట్టం చేసింది. అదీ అమల్లోకి రావడానికి 1993 దాకా పట్టింది. 2017 చట్టం మాత్రం కొంచెం వేరు. తిరిగే మనిషిని పోలీసు రక్షణలోకి తీసుకోవాలి, 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్పులో పెట్టకూడదు అంది.

ఆ చట్టంలోనే 18వ సెక్షన్ ఉంది. వైద్యం కోసం ఎవరూ దూరాలు పోవాల్సిన అవసరం రాకూడదు, ఉండేచోటికి దగ్గర్లోనే అందాలి అంటుంది. జిల్లాలో కనీస సేవలు లేకపోతే, అదే జిల్లాలో వేరేచోట చేయించుకున్న వైద్యం ఖర్చు సర్కారే భరించాలట. రంపచోడవరం ఐటీడీఏకి అర్జీ పెట్టే మిత్రులు ఈ సెక్షన్ నంబరు వేసి రాయాలి.