వామనగుంటల లెక్క: ఒకటి, రెండు తరగతుల ఆటాధార బోధనపై ఒక అభ్యంతరం

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఆటతోనే చదువు చెప్పాలన్న మాటను ఇవాళ కాదనేవారు లేరు. ఏ ఆట అన్న దగ్గరకు వచ్చేసరికి మాత్రం మన విద్యాపరిశోధన తొంభై ఏళ్ల కిందటి ఒక తీర్పును ఇంకా మోస్తూనే ఉంది. మనోవిజ్ఞాని జాన్ పియాజే 1932లో పిల్లల నైతిక నిర్ణయాల మీద గ్రంథం వెలువరించాడు. జెనీవా, న్యూషటెల్ మగపిల్లల గోళీలాటను అందులో పుటలకు పుటలు పరిశీలించాడు. ఆడపిల్లల ఆటల వంతు వచ్చేసరికి దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ల వంటి వాటిని పైపైన చూశాడు. గోళీలాటలో ఉన్నంత నియమసంపద గల ఆట వాళ్ల దగ్గర ఒక్కటీ కనబడలేదన్నాడు. న్యాయదృష్టి మగపిల్లల్లో కంటే వాళ్లలో చాలా తక్కువని తేల్చాడు. ఈ వ్యాసం అభ్యంతరమంతా ఆ తీర్పు మీద, దాన్ని ప్రశ్నించకుండా మన బడుల్లోకి దించిన పద్ధతి మీద.

తరగతి పరిశీలనకు పల్లెబడులకు వెళ్లినప్పుడు కనిపించిన ఒక వైరుధ్యం ఈ ఆలోచనకు మూలం. లెక్కల పీరియడ్‌లో పూసలు, పుల్లల కట్టలు ముందు పెట్టి టీచరు అడిగితే ఐదుకు నాలుగు కలపడానికి తడుముకునే అమ్మాయి, మధ్యాహ్న భోజనమయ్యాక వరండా మూలన వామనగుంటల ఆటలో చింతపిక్కలు పంచుతూ తన ఎత్తు ఎక్కడ ఆగుతుందో చెయ్యి పెట్టకముందే చెప్పేస్తుంది. కృత్యంలో రాని లెక్క ఆటలో ఎలా వచ్చింది? ఆమెకు లెక్క రాదనడం తేలిక. మనం ఆట అని పేరు పెట్టి చేయించేది ఆట కాదేమో అని అడగడం కష్టం. ఈ వ్యాసం అడిగేది ఆ రెండో ప్రశ్నే.

పాట మిగిలింది, లెక్క పోయింది

తెలుగులో పిల్లల ఆటలను మొదట పట్టించుకున్నవారు జానపద పరిశోధకులు. బిరుదురాజు రామరాజు గారి ‘తెలుగు జానపద గేయసాహిత్యము’ 1958లో అచ్చయినప్పటి నుంచి పిల్లల పాటలకు పరిశోధనలో గౌరవస్థానం దక్కింది. అయితే ఆ పరిశోధన వస్తువు గేయం. అందువల్ల పాట ఉన్న చెమ్మచెక్కకు, ఒప్పులకుప్పకు దక్కిన ఆదరణ పాట లేని వామనగుంటలకు దక్కలేదు. బోర్డు ఆటల చరిత్ర రాసిన హెచ్.జె.ఆర్. మర్రే 1952లో వామనగుంటల కోవ ఆటలన్నిటినీ మంకాలా కుటుంబంగా వర్గీకరించాడు. ఆయన దృష్టి వ్యాప్తి మీద, ఆడేవారి బుద్ధి మీద కాదు.

విద్యాశాఖ దారి వేరు. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980ల్లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలు ప్రకటించింది. కృత్యాలు, చేసి నేర్చుకోవడం, జట్టు పని, వ్యక్తిగత భేదాలు, స్థానిక పరిసరాలు, పిల్లల పనుల ప్రదర్శన అనే మాటలు ఉపాధ్యాయ కేంద్రాల్లో మారుమోగాయి. ఆ తరవాత జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ) వచ్చింది, బోధనాభ్యసన సామగ్రి (టీఎల్‌ఎం) మేళాలు వచ్చాయి. 2021లో నిపుణ్ భారత్, 2022లో పునాది స్థాయి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం, 2023లో బొమ్మలూ కార్డులూ పజిళ్లూ నింపిన ‘జాదూయీ పిటారా’ పెట్టె వచ్చాయి. స్థానిక ఆటల ప్రస్తావన వీటిలో లేకపోలేదు. కానీ తరగతిలో జరిగేది చూస్తే సామగ్రిని తెచ్చేది టీచరు, నియమం చెప్పేది టీచరు, ఎవరు గెలిచారో తేల్చేది కూడా టీచరే. పిల్లలకు మిగిలింది చెప్పినట్టు కదలడం.

పియాజే ఎక్కడ పొరబడ్డాడు

ఈ పరిస్థితికి సిద్ధాంతబలం ఎక్కడి నుంచి వచ్చిందో డీఎస్సీకి చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. పూర్వ ప్రచాలక దశ, పదిలపరచుకొనే భావనాలోపం, అహంకేంద్ర వాదం అన్నవి కంఠతా పట్టని టీచరు లేరు. ఏడేళ్లు నిండేదాకా పిల్లవాడు పదిమందిలో కూర్చుని ఆడినా ఎవరి ఆట వారిదేననీ, నియమాన్ని ఉమ్మడిగా పాటించడం ఆ పైనేననీ, పదకొండు పన్నెండేళ్లకు గానీ అది చట్టంలా స్థిరపడదనీ పియాజే చెప్పాడు. మన ఒకటో తరగతి పిల్లకు ఆరేళ్లు. కనుక ఆమెకు నియమాల ఆట తగదు, అభినయగేయం, పూసల దండ చాలు అన్న నిర్ణయం దానంతటదే వచ్చేసింది.

ఈ వాదంలో మూడు లోపాలున్నాయి. మొదటిది, పియాజే నియమాలను నోటి నుంచి రాబట్టాడు. ఎలా ఆడాలో నాకు నేర్పు, ఈ నియమం ఎవరు పెట్టారు, దీన్ని మార్చవచ్చా అని గోళీలాడే మగపిల్లలను అడిగాడు. నోటితో వాదించే ఆటకు అందులో మార్కులు పడతాయి, చేత్తో లెక్కించే ఆటకు పడవు. రెండోది, తొక్కుడుబిళ్ల ఆడే బాలికలు కొత్త కొత్త గళ్ల అమరికలు కనిపెట్టడంలో మునిగిపోతారనీ, నియమాలను విస్తరించరనీ ఆయన భావించాడు. కొత్త అమరిక గీసి, దాన్ని ఎదుటివారి చేత ఒప్పించి, ఆ ఒప్పందం ప్రకారం ఆడడం నియమనిర్మాణం కాక మరేమిటి? మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆట గొప్పతనాన్ని నియమాల సంఖ్యతో కొలిచాడు. నియమాలు కొన్నే ఉండి, వాటి పర్యవసానాలు లెక్కకు మిక్కిలిగా ఉండే ఆటలు ఆయన కొలతకు దొరకవు.

పియాజేను సవరించబోయినవారు కూడా ఈ చివరి లోపాన్ని ముట్టుకోలేదు. జానెట్ లీవర్ 1976 అధ్యయనం ఆధారంగా కారల్ గిల్లిగన్ 1982లో బాలికల పక్షం వహించినా, వాళ్లు నియమం కంటే స్నేహాన్ని ఎక్కువగా చూసుకుంటారన్న సమర్థన దగ్గరే ఆగింది. అంటే బాలికల ఆటలో నియమం పలుచనేనని ఒప్పుకున్నట్టే. చింతపిక్కలు లెక్కపెట్టి చూస్తే ఆ ఒప్పుకోలు అక్కర్లేదని తేలుతుంది.

డెబ్భై పిక్కల లెక్క

ఊరూరికీ మారే వామనగుంటల ఆటలో ఒక రకాన్ని తీసుకుందాం. వరసకు ఏడు చొప్పున రెండు వరసల్లో 14 గుంటలు. గుంటకు 5 చొప్పున 70 పిక్కలు. ఒక గుంటను ఖాళీ చేసి, పక్క గుంటల్లో ఒక్కొక్క పిక్కే వేస్తూ పోవాలి. చేతిలోవి అయిపోగానే తరవాతి గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. ఆ తరవాతి గుంట ఖాళీగా ఉంటే, దాని అవతలి గుంటలోవి ఆడినవారి సొంతం. ఎత్తు అక్కడితో సరి. నియమాలు ఇంతే.

ఇప్పుడు మొదటి ఆటకత్తె తన వరస మొదటి గుంట తీసిందనుకుందాం. ఆమె చేతికి వరసగా 5, 5, 5, 6, 6 వస్తాయి. అవి పంచడం పూర్తయ్యేసరికి ఎదుట ఖాళీ గుంట పడుతుంది, దాని అవతల 7 పిక్కలు ఉంటాయి. ఏ గుంటతో మొదలుపెట్టినా మొదటి ఎత్తులో దక్కేది ఆ ఏడే, ఎందుకంటే అన్ని గుంటలూ సమానం, దారి వలయం. గుంటకు 4 చొప్పున వేసి ఆడితే దక్కేది 6. నాలుగాటలు ఆడిన పిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. మొదటి ఎత్తుకు ఆలోచన దండగ అని ఆమె చెయ్యే చెబుతుంది.

అసలు ఆట రెండో ఆమెతో మొదలవుతుంది. ఇప్పుడు ఆమె వరసలో గుంటలు సమానంగా లేవు. మొదటి గుంటలో 7 పిక్కలు నిండుగా ఉన్నాయి, ఆరో గుంటలో ఒకే ఒక్క పిక్క ఉంది. నిండుగా ఉన్న ఆ మొదటి గుంటలో చెయ్యి పెడితే ఆరుసార్లు తీసి పంచిన తరవాత దక్కేది 3. ఒంటి పిక్క తీస్తే మూడుసార్లలోనే ఎత్తు ముగిసి 8 దక్కుతాయి. పెద్ద కుప్ప కనబడగానే చెయ్యి పెట్టే పిల్ల నష్టపోతుంది. చూపుతో గుంటలు దాటుకుంటూ, ఏ గుంటకు ఎన్ని చేరాయో మనసులో సవరించుకుంటూ పోయే పిల్ల గెలుస్తుంది. ఇందులో కూడిక ఉంది, ముందుకు లెక్కించడం ఉంది, 14 దాటాక మళ్లీ మొదటికి రావడం ఉంది, రెండు మార్గాలను పోల్చి ఎంచుకోవడం ఉంది. మన ఒకటో తరగతి పుస్తకం ఇవన్నీ ఒక్కచోట అడిగే సాహసం చేయదు.

పియాజే సంఖ్యాపరీక్ష సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. బిళ్లల వరసను ఎడంగా జరిపితే బిళ్లలు ఎక్కువయ్యాయని చిన్నపిల్లలు చెబుతారని ఆయన చూపించాడు. వామనగుంటల్లో ప్రతి ఎత్తూ ఆ పరీక్షే. ఒక గుంటలో ముద్దగా ఉన్న ఐదు పిక్కలు ఐదు గుంటలకు పరుచుకుంటాయి, అయినా ఐదే. గుంటల్లోవీ ఇద్దరి ఒళ్లోవీ కలిపితే ఎప్పుడైనా 70. ఒకటి తగ్గితే ‘తొండి’ అన్న అరుపు వినబడుతుంది. పదిలపరచుకొనే భావన లేని పిల్ల తొండిని పట్టుకోలేదు.

గచ్చకాయలదీ ఇదే తీరు. ఒక కాయ ఎగరేసి, నేలమీది నాలుగింటిని ఒకట్లలో 1+1+1+1గా, రెండ్లలో 2+2గా, మూళ్లలో 3+1గా, నాలుగ్గా ఒకేసారి తీస్తారు. నాలుగు అన్న సంఖ్యను విడగొట్టే పద్ధతులు ఒక్కటి మినహా అన్నీ ఇక్కడున్నాయి. కాయ గాలిలో ఉన్న ఆ క్షణంలోనే లెక్క తేలాలి కాబట్టి వేళ్లు మడిచి ఎంచుకునే వీలుండదు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వల పాటు 1, 2, 3, 4, 8గా పడుతుంది. ఏ కాయను ఎంత నడిపితే ఎదుటి కాయ చస్తుందో 25 గళ్ల మీద ముందే చూసుకోవాలి.

బయటి ఆధారమూ ఉంది. అమెరికాలో సీగ్లర్, రమణి 2008లో ప్రచురించిన ప్రయోగంలో పేద కుటుంబాల చిన్నపిల్లల చేత 1 నుంచి 10 దాకా అంకెలు రాసిన గళ్ల బోర్డు మీద రెండు వారాల్లో నాలుగు విడతలు మాత్రమే ఆడించారు. సంఖ్యల మీద వాళ్ల పట్టు గణనీయంగా పెరిగింది. అదే బోర్డును అంకెల బదులు రంగులతో ఆడినవారికి ఆ లాభం రాలేదు. గుండ్రటి బోర్డు అంత పని చేయలేదని అదే పరిశోధకులు ఆ మరుసటి ఏడాది రాశారు గానీ, వాళ్ల గుండ్రటి బోర్డులో పిక్కలు పంచే పని లేదు. ఢిల్లీ పూర్వప్రాథమిక కేంద్రాల్లో నాలుగు నెలలు ఆడించిన ఆటలు సంఖ్యాస్ఫురణను పెంచినా బడి లెక్కలకు అక్కరకు రాలేదని స్పెల్కీ, డఫ్లో తదితరుల 2017 అధ్యయనం చెబుతుంది. అయితే అవి పెద్దలు రూపొందించి ఆడించిన ఆటలు, పిల్లల సొంత ఆటలు కావు.

ఆట ఎవరిది?

పై ఆధారాలన్నీ మనల్ని ఒకే చోటికి చేరుస్తాయి. ఆరేడేళ్ల పిల్లలకు ఆట చదువు కావాలంటే వస్తువులు రంగురంగులుగా ఉండడం ముఖ్యం కాదు, పర్యవసానం పిల్ల నిర్ణయం మీద ఆధారపడడం ముఖ్యం. తప్పు లెక్కకు నష్టం, ఒప్పు లెక్కకు లాభం ఆటలోనే ఉండాలి, టీచరు మెప్పులో కాదు. పంటలు వేసుకుని మొదలుపెట్టేదీ, తొండిని తేల్చేదీ, ఊరి నియమాన్ని కాదని కొత్త నియమం ఒప్పించేదీ పిల్లలే అయినప్పుడు లెక్కతో పాటు మాటా పెరుగుతుంది, న్యాయబుద్ధీ పెరుగుతుంది. పెద్దయ్యాక పంచాయితీలో నిలబడి మాట్లాడగల పౌరురాలు వరండా మూలనే తయారవుతుంది. చెప్పినట్టు చప్పట్లు కొట్టే అభినయగేయం ఆ పని చేయలేదు. నియమం పిల్లల చేతిలో లేని చోట ఆట లేదు, ఆట లేని చోట ఆ వయసుకు చదువూ లేదు.

ఆచరణకు పెద్ద ఖర్చేమీ లేదు. వరండా నేల మీద సుద్దముక్కతో 14 గుండ్రాలు గీస్తే చాలు, చింతపిక్కలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. వారంలో రెండు లెక్కల పీరియడ్లు వీటికే ఇవ్వాలి. ఆడుతున్నంతసేపూ టీచరు తీర్పు చెప్పకూడదు. ఆట అయ్యాక మాత్రం ఎన్ని దక్కాయి, ఎన్ని మిగిలాయి, ఇంకో గుంట తీసి ఉంటే ఏమయ్యేది అని అడిగి పలక మీద అంకెల్లో రాయించాలి. ఆటకూ బడి లెక్కకూ మధ్య వంతెన ఆ ఒక్క ప్రశ్నతోనే పడుతుంది. అబ్బాయిలను కూడా ఇందులో కూర్చోబెట్టాలి. ఇది ఆడపిల్లల ఆట అని వాళ్లను దూరం పెట్టడం వల్ల నష్టపోయింది వాళ్లే.

డైట్ కళాశాలల మనోవిజ్ఞాన పాఠాల్లో పియాజే దశలను చెప్పే ప్రతి చోటా బాలికల ఆటల మీద ఆయన ఇచ్చిన తీర్పును కూడా చెప్పాలి, దాన్ని వామనగుంటల పక్కన పెట్టి ఛాత్రోపాధ్యాయుల చేత పరీక్ష చేయించాలి. జానపద శాఖల పరిశోధకులు పాట లేని ఆటల నియమాలనూ, ఊరూరి తేడాలనూ, గెలుపు లెక్కలనూ ఇప్పుడైనా నమోదు చేయాలి. ఆ పని ఆడిన అవ్వలు బతికి ఉండగానే జరగాలి.