కొల్లేటిసీమలో సానరాయి

కృష్ణా గోదావరులు తెచ్చిపోసిన యొండుమట్టి నడుమ కొల్లేరు పల్లమై నిలిచియున్నది. ఆ సరస్సు చుట్టును గల లంకలలో మన్నును ఇసుకయు సమృద్ధము, రాయి దుర్లభము. కత్తిపీటకు, గొడ్డలికి, బాడిసకు పదునిచ్చు రాయి బయటినుండి రావలసినదే. (వరికోత కొడవలిని ఈ లెక్కలో జేర్పరాదు, దాని కక్కులను కమ్మరియే తీర్చును, సానపట్టినచో నవి యరిగిపోవును.) కావున నిచటి పాటిదిబ్బలలో గానవచ్చు అరిగిన రాతితునుక పూర్వుల రాకపోకలకు సాక్షి. నాణెములతోను పూసలతోను సమానముగా దానిని లెక్కింపవలసి యున్నది.

ఆ రాతికై చాల దూరము పోనక్కఱలేదు. ఏలూరు, తాడేపల్లిగూడెములకు ఉత్తరమున ఎఱ్ఱనేలల మెట్ట యారంభమగును. అందలి యిసుకరాతి పొరలను విలియం కింగు 1880లో ప్రకటించిన గ్రంథమున వర్ణించెను. వానిలో నొకదానికి ‘తిరుపతి యిసుకరాయి’ యను పేరు ద్వారకా తిరుమల కొండను బట్టి వచ్చినది. ఇసుకరాతిలోని పలుగురేణువు ఇనుముకంటె గట్టిది. ఒరపిడికి పైరేణువు లూడిపోగా క్రిందివి క్రొత్తమొనలతో బయల్పడును. రాయి తానరుగుచు కత్తికి వాడి నిచ్చుటకు హేతు విదియే. అయినను ప్రతి యిసుకరాయియు సానకు రాదు. ముతకది వాదరను గీరును, మిక్కిలి మెత్తనిది పొడియై రాలును.

క్రీస్తుపూర్వము నాటి గుంటుపల్లి బౌద్ధగుహలు ఇసుకరాతిలోనే తొలచబడినవి. అట్టి రాతిపై ఉలి మాటిమాటికి మొక్కవోవును. మొక్కపుచ్చిన రాతిమీదనే దానిని మరల నూఱిరనుట యూహయే యైనను అసంగతము కాదు. పెదవేగి శాలంకాయన తామ్రశాసనములలోని సన్నని యక్షరములు చెక్కిన యులికి మాత్రము ఇంతకంటె నున్నని సాన వలసియుండును.

శబ్దమును గూడ విచారింపవలెను. అమరసింహుడు శాణ, నికష, కష శబ్దములను పర్యాయములుగా జెప్పెను. తెలుగువారు పదునుపెట్టు దానిని సానరాయి యనియు, బంగారము పరీక్షించు దానిని ఒరగల్లు, గీటురాయి యనియు వేఱుపఱచిరి. గంధము తీయు రాయియు వీరికి సానయే. రత్నములకు సానపట్టువారు లక్కతో గలిపి చక్రముగా జేసికొనిన కురువిందపు పొడి పేరు దక్షిణదేశమునుండియే ఐరోపా భాషలకు ‘కోరండం’ అయి చేరినది.

రాయి మోయవీలులేని చోట దాని పొడియే చాలును. దక్షిణదేశమున తాడిచెట్టు గీయువారు చెక్కపై పలుగుపొడి చల్లి కత్తి నూఱుకొనుట కలదు. కావున దిబ్బలో సానరాయి కనబడని మాత్రమున ఆ యూర వాడియైన యినుపపనిముట్లు లేవని తీర్పు చెప్పరాదు. చెక్క మట్టిలో గలిసిపోవును. చిటికెడు పలుగుపొడి ఇసుకలో ఇసుకయగును.