గుంపులో గోవిందా

సందేశాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తే అందులో ఏముందో బయటివాళ్లకు తెలియదు. కానీ ఎవరు ఎవరికి పంపారో తెలిసిపోతుంది. నిఘా వేసినవాడికి చాలాసార్లు ఆ మాత్రం చాలు. విదేశంలో మారుపేరుతో ఉన్న మనిషి హోటల్ గదిలో కూర్చుని అమెరికా నౌకాదళం సర్వర్‌ను తెరిచాడంటే అతడి గుట్టు రట్టయినట్టే. 1990ల నడుమ ఆ దేశపు నౌకాదళ పరిశోధనశాల తలకెత్తుకున్న చిక్కు ఇది.

దీనికి విరుగుడు 1981లోనే కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ చౌమ్ సూచించారు. నడుమ ఉన్న కంప్యూటర్లు ఈమెయిళ్లను పోగుచేసి, వరస మార్చి పంపితే ఏది ఎవరిదో పోల్చుకోలేరన్నది ఆయన ఆలోచన. ఈమెయిల్ కాస్త ఆలస్యమైనా పర్వాలేదు, వెబ్ పేజీ కోసం అంతసేపు ఎవరు కూర్చుంటారు? నౌకాదళ పరిశోధనశాలలో డేవిడ్ గోల్డ్‌ష్లాగ్, మైకేల్ రీడ్, పాల్ సైవర్సన్ 1995లో వేరే దారి పట్టారు. బయలుదేరే ముందే సందేశానికి ఒకదాని మీద ఒకటిగా ఎన్‌క్రిప్షన్ పొరలు చుట్టాలి. దారిలోని ఒక్కో కంప్యూటర్ తన వంతు పొర ఒలిచి మిగతాది ముందుకు పంపాలి. మొదటిదానికి పంపిందెవరో తెలుసు, ఎక్కడికో తెలియదు. చివరిదానికి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలియదు. ఉల్లిపాయ పొరల్లాంటి ఈ ఏర్పాటుకు ‘ఆనియన్ రూటింగ్’ అని పేరు పెట్టారు.

గణితం కుదిరింది గానీ మరో చిక్కు మిగిలింది. నౌకాదళం ఒక్కటే వాడే నెట్‌వర్క్‌లోంచి ఎవరు బయటికొచ్చినా వాళ్లు నౌకాదళం మనుషులేనని ఇట్టే తెలిసిపోతుంది. తమవాళ్లు దాగాలంటే విలేకరులు, విద్యార్థులు, వ్యాపారులు, చివరికి తమకు గిట్టనివాళ్లు కూడా అందులో ఉండాలి. రహస్యం కోసం పుట్టిన సాధనాన్ని బహిరంగం చేయక తప్పలేదు.

ఎంఐటీలో చదివిన రోజర్ డింగిల్‌డైన్, నిక్ మాథ్యూసన్ సైవర్సన్‌తో కలిసి ఆనియన్ రూటింగ్ పద్ధతిలో కొత్తగా రాసిన ‘టార్’ 2002 అక్టోబరులో నడక మొదలుపెట్టింది. దాని కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, కంప్యూటర్ ఉన్నవాళ్లెవరైనా దాన్ని రిలేగా, అంటే దారిలో పొర ఒలిచే కంప్యూటర్‌గా నడపొచ్చు. 2003 చివరికి అలా ముందుకొచ్చినవి డజను రిలేలే. 2004లో డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ డబ్బు సమకూర్చింది. 2006లో టార్ ప్రాజెక్ట్ లాభాపేక్ష లేని సంస్థగా నిలబడింది. అప్పటిదాకా దీన్ని వాడాలంటే సాంకేతిక పరిజ్ఞానం ఉండాల్సిందే. 2008లో టార్ బ్రౌజర్ పని మొదలయ్యాక మామూలువాళ్లకూ దారి తెరుచుకుంది. సెన్సార్‌షిప్ దాటాలనుకున్నవాళ్లు వచ్చారు. సిల్క్ రోడ్ లాంటి మత్తుమందుల అంగడీ వచ్చింది. తలుపు అందరికీ తెరిచాక మంచివాళ్లను మాత్రమే రానివ్వడం కుదరదు.

వాడేవాళ్లకు టార్ పరిమితి మాత్రం అంత త్వరగా అర్థం కాలేదు. బ్రౌజర్ రాకముందే, 2007లో డాన్ ఎగర్‌స్టాడ్ అనే స్వీడన్ పరిశోధకుడు టార్ దారిలో చివర ఉండే రిలేలు కొన్ని తానే నడిపాడు. వాటి గుండా వెళ్లిన రాయబార కార్యాలయాల ఈమెయిల్ పాస్‌వర్డులు అతడి చేతికి చిక్కాయి. వాటిలో భారత రాయబార కార్యాలయాలవీ ఉన్నాయి. టార్ చివరి పొర ఒలిచాక, వెబ్‌సైట్ దాకా ఎన్‌క్రిప్షన్ లేకపోతే లోపలిదంతా బట్టబయలే. టార్ దాచేది మనిషిని, మాటను కాదు.

2013 డిసెంబరులో హార్వర్డ్ విద్యార్థి ఒకడు పరీక్ష తప్పించుకోవడానికి టార్ చాటున బాంబు బెదిరింపులు పంపాడు. వాడింది క్యాంపస్ వైఫై. ఆ వేళల్లో అక్కడ టార్ తెరిచిందెవరని వెతికితే దొరికిపోయాడు. చుట్టూ గుంపు లేని చోట ముసుగే ఆనవాలైంది. అదే ఏడాది అమెరికా నిఘా సంస్థ కోసం పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన దాని పత్రాల్లో మాత్రం, టార్ వాడేవాళ్లందరినీ అన్నివేళలా గుర్తుపట్టడం తమ వల్ల కాదని ఆ సంస్థే ఒప్పుకుంది.

ఈ కథలో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో విండో మీరు చూసిన పేజీల చరిత్రను మీ కంప్యూటర్‌లోంచి మాత్రమే చెరుపుతుంది. వీపీఎన్ మీ నమ్మకాన్ని నెట్ కంపెనీ నుంచి వీపీఎన్ కంపెనీకి మారుస్తుంది. టార్ మిమ్మల్ని గుంపులో కలుపుతుంది. కానీ ఆ గుంపులో నిలబడి సొంత ఖాతాలోకి లాగిన్ అయితే, మీ పేరు మీరే చెప్పుకున్నట్టు. ఏది వాడినా, అది ఎవరి నుంచి ఏది దాస్తుందో ముందు తెలుసుకోండి.