ఆనర్స్ పట్టా: కేంబ్రిడ్జి నుంచి వాల్తేరు దాకా

ఇంటర్ పాసై డిగ్రీలో చేరబోతున్న పిల్లలకు ఇప్పుడు ప్రతి కాలేజీలోనూ వినపడుతున్న మాట ఆనర్స్. మూడేళ్ళు చదివితే మామూలు డిగ్రీ, నాలుగేళ్ళు చదివితే ఆనర్స్ అని అడ్మిషన్ల దగ్గర చెబుతారు. ఆ నాలుగో ఏడాదిలో ఏం చదువుతారు, ఎవరు చెబుతారు, దాని విలువ ఏమిటి అని అడిగితే మాత్రం సరైన జవాబు దొరకడం కష్టం. ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టింది కాదు. దాని వెనక రెండు వందల డెబ్భై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అందులో మన వాల్తేరుకూ మంచి చోటే ఉంది. ఆ కథ తెలిసినవాళ్ళకు నాలుగో ఏడాది నుంచి ఏం ఆశించాలో తెలుస్తుంది.

లెక్కల పరీక్షతో మొదలు

18వ శతాబ్దం తొలినాళ్ళలో కేంబ్రిడ్జిలో పట్టా పుచ్చుకోవాలంటే లాటిన్‌లో వాదించాలి. ఒక విద్యార్థి ఒక ప్రతిపాదన చేసి దాన్ని నిలబెట్టుకోవాలి. మిగతావాళ్ళు లేచి ఖండించాలి. మోడరేటర్లు విని ఎవరి సత్తా ఎంతో తేల్చాలి. న్యూటన్ పనిచేసిన చోటు కనక అక్కడ గణితానికి గౌరవం ఎక్కువ. లెక్కల్లో ఎవరు గట్టివాళ్ళో వాదన వింటే తేలదు, కూర్చోబెట్టి చేయించాలి. అలా సెనేట్ హౌస్ అనే భవనంలో విడిగా పరీక్ష పెట్టడం మొదలైంది. 1748లో ఆ పరీక్షలో నెగ్గినవాళ్ళ పేర్లు, వరస ప్రకారం, తొలిసారి అచ్చయ్యాయి. ఆనర్స్ జాబితాలకు అదే పునాది.

ఆ పరీక్షను తర్వాత ట్రైపోస్ అన్నారు. పాత వాదనల రోజుల్లో ఒక పట్టభద్రుడు మూడుకాళ్ళ పీట మీద కూర్చుని వాదించేవాడు. ఆ పీట పేరే పరీక్షకు స్థిరపడిపోయింది. మొదటి తరగతిలో వచ్చినవాళ్ళు రాంగ్లర్లు, వాళ్ళలో మొదటివాడు సీనియర్ రాంగ్లర్. రెండో తరగతి సీనియర్ ఆప్టిమ్‌లు, మూడోది జూనియర్ ఆప్టిమ్‌లు. ఈ జాబితాలో పడనివాళ్ళు సాధారణ పట్టాతో ఇంటికి వెళ్ళేవాళ్ళు. ఆనర్స్ అనీ పాస్ అనీ రెండు దారులు చీలింది ఇక్కడే.

జాబితాలో చిట్టచివరివాడికి కూడా ఒక బహుమానం ఉండేది. అతను పట్టా కోసం వైస్ ఛాన్సలర్ ముందు మోకరిల్లిన సమయంలో తోటి విద్యార్థులు పై వసారా నుంచి తాడు కట్టి ఒక పెద్ద చెక్క గరిటె దింపేవాళ్ళు. ఆఖరి గరిటె 1909లో సెయింట్ జాన్స్ కాలేజీకి చెందిన హోల్ట్‌హౌస్‌కు దక్కింది. అతను పడవ పందేల ఆటగాడు కావడంతో దాన్ని తెడ్డుతోనే చేయించారు. మీటరు పైన పొడవు.

ఆక్స్‌ఫర్డ్ దారి వేరు. 18వ శతాబ్దంలో అక్కడి పరీక్షలు పేరుకే మిగిలాయి. తర్వాతి కాలంలో ఇంగ్లండ్ లార్డ్ ఛాన్సలర్ అయిన ఎల్డన్ ప్రభువు 1770లో తాను పట్టా ఎలా తీసుకున్నదీ ఆ తర్వాత చెప్పుకొచ్చాడు. హీబ్రూలో కపాలస్థలాన్ని ఏమంటారు, యూనివర్సిటీ కాలేజీని స్థాపించింది ఎవరు అని తనను రెండే ప్రశ్నలు అడిగారట. గొల్గొతా, ఆల్ఫ్రెడ్ రాజు అని రెండు జవాబులు చెప్పాడు, పట్టా వచ్చేసింది. ఈ దుస్థితిని సరిదిద్దడానికే 1800లో కొత్త పరీక్షా శాసనం వచ్చింది. గట్టిగా చదివినవాళ్ళ కోసం ఆనర్స్ పెట్టారు. ఆ తర్వాత ప్రాచీన సాహిత్యం, తత్వశాస్త్రాలకు ఒకటి, గణితానికి ఒకటి చొప్పున రెండు జాబితాలు ఏర్పడ్డాయి. 1808లో రాబర్ట్ పీల్ రెండింటిలోనూ మొదటి తరగతి తెచ్చుకుని డబుల్ ఫస్ట్ సాధించిన తొలి విద్యార్థి అయ్యాడు. ఆయన తర్వాత బ్రిటన్ ప్రధానమంత్రి కూడా అయ్యాడు.

ర్యాంకుల పిచ్చి, దాని విరుగుడు

వరస ప్రకారం పేర్లు అచ్చు వేయడంతో చదువులో పట్టుదల పెరిగింది. దాని వెంటే కోచింగూ వచ్చింది. 19వ శతాబ్దంలో కేంబ్రిడ్జి విద్యార్థులు కాలేజీ పాఠాలకన్నా ప్రైవేటు కోచ్‌లనే నమ్ముకున్నారు. ఎడ్వర్డ్ రౌత్ అనే ఒక్క గురువు దగ్గర చదివినవాళ్ళలోంచే ఇరవై అయిదు మందికి పైగా సీనియర్ రాంగ్లర్లు వచ్చారు. గడియారం చూసుకుంటూ లెక్కలు చేసే వేగం అబ్బింది కానీ, గణితంలో కొత్తగా ఆలోచించే తీరిక పోయింది. 1898లో నాలుగో రాంగ్లర్‌గా వచ్చిన జి.హెచ్. హార్డీ ఈ పద్ధతి మీద తిరగబడినవాళ్ళలో ముఖ్యుడు. చివరికి 1909 తర్వాత ర్యాంకుల వరస ఎత్తేశారు, తరగతులు మాత్రం ఉంచారు. విజయవాడ, హైదరాబాదుల్లో ర్యాంకుల ప్రకటనలు చూస్తూ పెరిగిన మనకు ఈ ఘట్టం కొత్తగా అనిపించదు. మనం ఇంకా తెంచుకోలేని ముడిని కేంబ్రిడ్జి ఆనాడే తెంచుకుంది.

వరస ప్రకారం వెలువడిన ఆ ఆఖరి జాబితాలో రెండో స్థానం ఇ.హెచ్. నెవిల్‌ది. 1914లో మద్రాసు వచ్చి రామానుజన్‌ను ఇంగ్లండ్ రావడానికి ఒప్పించింది ఆయనే. లెక్కలు తప్ప మిగతా సబ్జెక్టులు పట్టించుకోక, ఇప్పటి ఇంటర్ లాంటి ఎఫ్.ఏ. పరీక్ష తప్పిన రామానుజన్ ట్రైపోస్ రాయలేదు. పరిశోధన ఆధారంగా 1916లో కేంబ్రిడ్జి ఆయనకు బి.ఏ. ఇచ్చింది. పరీక్షతో ప్రతిభను కొలవడం కోసం పుట్టిన చోటే, పరీక్షకు అందని ప్రతిభ కోసం ఇంకో తలుపు తెరవాల్సి వచ్చింది.

ఆడపిల్లలకు మాత్రం ఆ తలుపు చాలాకాలం మూసే ఉంది. 1890లో ఫిలిపా ఫాసెట్ మార్కుల్లో సీనియర్ రాంగ్లర్‌నే మించిపోయింది. జాబితా చదివినప్పుడు ఆమె పేరు సీనియర్ రాంగ్లర్ కంటే పైన అని ప్రకటించారు. పట్టా మాత్రం ఇవ్వలేదు. స్త్రీలకు కేంబ్రిడ్జి పూర్తి స్థాయి పట్టాలిచ్చింది 1948లో. అంతకు అరవై ఏళ్ళకు పైగా ముందే, 1886లో, కలకత్తా బెథూన్ కాలేజీలో చదివిన కామినీ రాయ్ సంస్కృతంలో ఆనర్స్‌తో పట్టభద్రురాలైంది.

మన దేశానికి రాక

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పుట్టాయి. అవి పరీక్షలు పెట్టేవి, పాఠాలు కాలేజీలు చెప్పేవి. కలకత్తాలో ఆనర్స్ ముందుగా కుదురుకుంది. 1913లో ప్రెసిడెన్సీ కాలేజీ గణిత ఆనర్స్‌లో సత్యేంద్రనాథ్ బోస్ మొదటి స్థానంలోనూ, మేఘనాథ్ సాహా రెండో స్థానంలోనూ నిలిచారు. ఒకే తరగతి నుంచి ప్రపంచ భౌతికశాస్త్రానికి ఇద్దరు మహామహులు దొరికారు.

మద్రాసులో ఇంటర్ తర్వాత రెండేళ్ళు చదివితే పాస్ డిగ్రీ, మూడేళ్ళు చదివితే ఆనర్స్. ఆ మూడేళ్ళు ఏం చేయగలవో చెప్పడానికి ఒక్క విద్యార్థి కథ చాలు. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం ఆనర్స్ చదువుతుండగా, 1928లో జర్మన్ శాస్త్రవేత్త సొమర్‌ఫెల్డ్ ఆ ఊరు వచ్చాడు. ఆయన రాసిన పరమాణు గ్రంథాన్ని చంద్రశేఖర్ అప్పటికే చదివేశాడు. ఆ ధైర్యంతో హోటల్‌కు వెళ్ళి ఆయన్ని కలిశాడు. పుస్తకం అచ్చయ్యాక భౌతికశాస్త్రం పూర్తిగా మారిపోయిందని సొమర్‌ఫెల్డ్ చెప్పి, లోహాల్లోని ఎలక్ట్రాన్ల మీద తాను కొత్తగా రాసిన వ్యాసం ప్రూఫులు చేతిలో పెట్టాడు. వాటిని చదువుకుని చంద్రశేఖర్ సొంతంగా ఒక వ్యాసం రాశాడు. 1929లో రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో అది అచ్చయింది. అప్పటికి ఆయన ఇంకా ఆనర్స్ విద్యార్థే. ఒకే శాస్త్రంతో మూడేళ్ళు గడిపే వెసులుబాటు, ఎప్పటికప్పుడు కొత్త పుస్తకాలు అందే వాతావరణం రెండూ కలిస్తేనే ఇలాంటిది సాధ్యం.

వాల్తేరు రోజులు

1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలింది. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి స్వయంగా కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కాలేజీలో చరిత్ర ట్రైపోస్ చదివి వచ్చినవారు. ఒకే విషయాన్ని లోతుగా చదివించడం అంటే ఏమిటో అనుభవంతో ఎరిగినవారు. శాసనోల్లంఘన ఉద్యమం మీద ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆయన రాజీనామా చేయగా, 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ పదవి చేపట్టారు. ఆ ఏడే విశ్వవిద్యాలయం సొంతంగా బోధన ప్రారంభించింది. తెలుగు శాఖకు పింగళి లక్ష్మీకాంతం వచ్చారు.

రాధాకృష్ణన్ ఎక్కడ మంచి అధ్యాపకుడు ఉన్నా వెతికి తెచ్చారు. ఆక్స్‌ఫర్డ్ నుంచి అప్పుడే తిరిగొచ్చిన హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ వంటి యువకులు వాల్తేరులో పాఠాలు చెప్పారు. ఆగిరిపల్లిలో పుట్టి, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసిన సూరి భగవంతం భౌతికశాస్త్రానికి, టి.ఆర్. శేషాద్రి రసాయనశాస్త్రానికి వచ్చారు. సైన్సు కాలేజీకి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ విరాళాలు అండగా నిలిచాయి. ఆ కాలేజీకి ఆయన పేరే పెట్టారు.

ఆ ఆనర్స్ తరగతుల నుంచి వచ్చిన పేర్లు తెలుగువాళ్ళకు చిరపరిచితాలు. తెలుగు ఆనర్స్ చదివిన భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడ భాషాశాస్త్రంలో ప్రపంచమంతా ఒప్పుకున్న పండితుడయ్యారు. తత్వశాస్త్రంలో ఆనర్స్ పట్టా పుచ్చుకున్న రాచకొండ విశ్వనాథశాస్త్రి తర్వాత లాయరై, మన కథకు కొత్త నుడికారం ఇచ్చారు. గణితం చదివిన సి.ఆర్. రావు సంఖ్యాశాస్త్రంలో శిఖరం అందుకున్నారు. చేతిలో పట్టా ఒక్కటే ఉంటే ఇంతమంది తయారుకారు. తన రంగంలో పనిచేస్తున్న గురువు, తక్కువ మంది విద్యార్థులు, పెద్ద లైబ్రరీ ఒక్కచోట కూడాయి కనకనే తయారయ్యారు.

అమెరికా చేసిన ప్రయోగం

ఇదే కాలంలో అమెరికాలో ఫిలడెల్ఫియా దగ్గరి స్వార్థ్‌మోర్ కాలేజీ ఆనర్స్‌కు కొత్త రూపం ఇచ్చింది. రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న ఫ్రాంక్ ఐడెలట్ 1921లో ఆ కాలేజీ అధ్యక్షుడయ్యాడు. మరుసటి ఏడాదే ఆనర్స్ మొదలుపెట్టాడు. చివరి రెండేళ్ళు విద్యార్థులకు మామూలు క్లాసులు తీసేసి, కొద్దిమందితో సెమినార్లు పెట్టారు. వారం వారం విద్యార్థులే వ్యాసాలు రాసుకొచ్చి చర్చించాలి. చివర్లో పరీక్ష పెట్టేది పాఠం చెప్పిన గురువు కాదు, బయటి కాలేజీల నుంచి వచ్చిన పరీక్షకులు. రాత పరీక్షతో పాటు ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలూ వేస్తారు. పరీక్షకుడు బయటివాడు కావడంతో గురువూ శిష్యుడూ ఒకే పక్షాన నిలిచి చదువుకుంటారు. ఈ పద్ధతి అక్కడ ఇప్పటికీ నడుస్తోంది.

1957లో రష్యా స్పుత్నిక్ పంపాక ప్రతిభావంతుల చదువు మీద అమెరికాకు పట్టింపు హెచ్చింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సైతం ఆనర్స్ కార్యక్రమాలు తెరిచాయి. ఇవాళ అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలు దరఖాస్తు చేసుకునే ఆనర్స్ కాలేజీలు ఆ పరంపరలోవే. వేల మంది చదివే పెద్ద విశ్వవిద్యాలయంలో చిన్న తరగతులు, చివర్లో ఒక సిద్ధాంత వ్యాసం వాటి ప్రత్యేకత.

పోయి, మళ్ళీ వచ్చింది

ఢిల్లీ విశ్వవిద్యాలయం 1943లోనే మూడేళ్ళ డిగ్రీకి మారి, ఆనర్స్‌ను అందులోనే నిలుపుకుంది. కలకత్తా కూడా వదులుకోలేదు. మన దగ్గర 1950లలో మూడేళ్ళ డిగ్రీ, ఆపైన రెండేళ్ళ ఎం.ఏ. పద్ధతి వచ్చాక పాత ఆనర్స్ కనుమరుగైంది. మూడు సబ్జెక్టుల గ్రూపులే డిగ్రీకి రూపమయ్యాయి. ఎంపీసీ, బీజెడ్సీ అనే పేర్లే రెండు మూడు తరాలకు అలవాటయ్యాయి.

2020 జాతీయ విద్యావిధానం నాలుగేళ్ళ డిగ్రీని తెచ్చింది. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ళలో 120 క్రెడిట్లు పూర్తిచేస్తే డిగ్రీ, నాలుగేళ్ళలో 160 చేస్తే ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్ళు పరిశోధనతో కూడిన ఆనర్స్ తీసుకోవచ్చు. అందులో 12 క్రెడిట్లు పరిశోధన ప్రాజెక్టుకే. నాలుగేళ్ళు చదివినవాళ్ళకు పీజీ ఏడాదిలో పూర్తవుతుంది. 75 శాతం ఉంటే నేరుగా పీహెచ్‌డీకీ అర్హత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి, ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి వచ్చింది. ఒక రకంగా ఇది వాల్తేరు దారికి తిరిగి రావడమే.

అయితే దారి తిరిగొచ్చినంత మాత్రాన గమ్యం చేరినట్టు కాదు. కేంబ్రిడ్జి నుంచి స్వార్థ్‌మోర్ దాకా ఎక్కడ చూసినా ఆనర్స్ నిలిచింది మూడింటి మీద: ఒక విషయంలో లోతు, విద్యార్థిని పేరుపెట్టి పిలిచే గురువు, మొహమాటం లేని పరీక్ష. నాలుగో ఏడాది పెట్టి అధ్యాపకుల ఖాళీలు నింపకపోతే, లైబ్రరీకి కొత్త పుస్తకం కొనకపోతే, ప్రాజెక్టు రిపోర్టులు జిరాక్స్ సెంటర్లలో తయారైపోతుంటే, అది పిల్లల జీవితంలోంచి తీసుకున్న ఒక ఏడాది మాత్రమే. పేద ఇంటి పిల్లకు ఆ ఏడాది చాలా ఖరీదైనది.

అందుకే ఆనర్స్‌లో చేరబోయే విద్యార్థులకూ, వాళ్ళ అమ్మానాన్నలకూ ఒక మాట. కాలేజీకి వెళ్ళినప్పుడు ఫీజుతో పాటు ఇవి కూడా అడగండి: ఈ సబ్జెక్టుకు పర్మినెంటు అధ్యాపకులు ఎంతమంది ఉన్నారు? నాలుగో ఏడాది ప్రాజెక్టుకు గైడ్ ఎవరు? ఆయన దగ్గర ఒకేసారి ఎంతమంది చేస్తారు? ల్యాబ్, లైబ్రరీ ఎన్ని గంటలు తెరిచి ఉంటాయి? ప్రాజెక్టును బయటి పరీక్షకుడు చూస్తాడా? జవాబులు సూటిగా వచ్చిన చోట చేరండి. రాని చోట గట్టిగా నిలదీయండి. ఆనర్స్ ఇవ్వాల్సిన బాధ్యత విశ్వవిద్యాలయానిదైతే, అది నిజమైన ఆనర్స్ అయ్యేలా అడిగి తీసుకునే హక్కు మనది.