గడుల్లో దాగిన ప్రోగ్రాం

కోడ్ రానివాళ్లు తమ పనికి కావలసిన సాఫ్ట్‌వేర్ తామే తయారు చేసుకోవడం నిన్నమొన్నటి సంగతి అనుకుంటాం. కానీ ఆ కథ 1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో మొదలైంది. ప్రొఫెసర్ నల్లబల్ల మీద అడ్డం, నిలువు గీతలు గీసి ఒక కంపెనీ లెక్కల అంచనా వేస్తున్నాడు. మధ్యలో ఒక్క అంకె తప్పింది. దాని మీద ఆధారపడ్డ గడులన్నీ వరసగా చెరిపి మళ్లీ రాయాల్సి వచ్చింది. ఆ చాకిరీ కంప్యూటర్‌కు అప్పజెబితే బాగుండునని విద్యార్థి డాన్ బ్రిక్లిన్‌కు తోచింది.

అతను యాపిల్-2 మీద నమూనా చేస్తే, స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్ అసలు ప్రోగ్రాం రాశాడు. అద్దెకు తీసుకున్న కంప్యూటర్ మీద రాత్రిపూట ఖర్చు తక్కువని ఎక్కువగా రాత్రుళ్లే పనిచేసేవాడు. 1979లో ఆ ప్రోగ్రాం విసికాల్క్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఏ1 గడిలో ధర, ఏ2లో అమ్మిన సరుకు సంఖ్య వేసి, ఏ3లో +ఏ1*ఏ2 అని కొడితే చాలు. ఆ తర్వాత ధర మార్చగానే మొత్తం దానంతటదే మారిపోతుంది. నిజానికి ఆ చిన్న వరస ప్రోగ్రామే. కొట్టినవాడికి మాత్రం తాను ప్రోగ్రాం రాస్తున్నానన్న ఊహే రాదు. నా దృష్టిలో ఈ ఆవిష్కరణ గొప్పతనమంతా అక్కడే ఉంది.

ఆఫీసుల్లోకి అది పాకిన తీరు మరీ ఆసక్తికరం. అప్పట్లో కొత్త రిపోర్టు కావాలంటే డేటా ప్రాసెసింగ్ విభాగానికి అర్జీ పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూడాలి. మేనేజర్లు ఆ వరసలోంచి తప్పుకుని, తమ శాఖ బడ్జెట్‌తోనే యాపిల్-2 కొనుక్కున్నారు. వంద డాలర్ల ప్రోగ్రాం కోసం అంతకు ఎన్నో రెట్ల ఖరీదైన యంత్రం! లోటస్, ఎక్సెల్, ఆ తర్వాత జోహో క్రియేటర్, పవర్ యాప్స్ అదే దారి పట్టాయి. 2014లో ఫారెస్టర్ సంస్థ ఇలాంటి యాప్ తయారీ సాధనాలకు లో-కోడ్ అని పేరు పెట్టింది.

అయితే ఆ పాత వరసలో ఒక రక్షణ కూడా ఉండేది. తయారైనదాన్ని ఇంకొకరు సరిచూసేవారు. అలా సరిచూడనప్పుడు ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2012లో జేపీ మోర్గన్ బ్యాంకు లండన్ విభాగం 600 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. బ్యాంకు సొంత విచారణలో బయటపడ్డ లోపాల్లో ఒకటి ఇది: రిస్కు లెక్కగట్టే షీట్లో సగటుతో భాగించాల్సిన చోట మొత్తంతో భాగించారు. దాంతో రిస్కు ఉన్నదానికంటే తక్కువగా కనిపించింది. ఆ షీట్లలోకి అంకెలను చేత్తోనే కాపీ చేసేవారట.

అందుకే లో-కోడ్ తెచ్చుకునే సంస్థ ఎవరు ఏ డేటా ముట్టుకోవచ్చో ముందే హద్దులు గీయాలి. యాప్ తయారు చేసింది స్టోర్స్ గుమాస్తా అయినా, పదిమంది చేతికి వెళ్లేముందు మరొకరు పరీక్షించాలి. ఆ గుమాస్తా రేపు ఉద్యోగం మానేస్తే దాన్ని ఎవరు చూసుకుంటారో కూడా మొదటిరోజే రాసిపెట్టుకోవాలి.